కూకో తాత కేక

రెఫూహియో బార్రేరా అంటే సరిహద్దు ఊరు లాస్ నోపాలెస్‌లో ఎవరికీ తెలియదు. కూకో అంటే చంటిపిల్లలకీ తెలుసు. పద్నాలుగో నంబరు స్కూలు బస్సు డ్రైవరు. అరవై ఆరేళ్లు, ముక్కుమీద కోపం. అంతకుముందు ఇరవై రెండేళ్లు సరిహద్దు నది అవతల రెయ్‌నోసాలోనూ, ఇవతల పెళ్లిళ్లలోనూ పాడుతూ వాయించే మెక్సికన్ మారియాచి బృందంతో తిరిగాడు. వాయించింది గితర్రోన్. గుండిగంత పొట్ట ఉన్న పెద్ద గిటారు అది, ఒక్కో స్వరానికి రెండు తీగలు కలిపి లాగాలి. లాగి లాగి చివరికి కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. స్టీరింగు పట్టుకోవడానికి పనికొచ్చే చెయ్యి తీగ లాగడానికి పనికిరాలేదు.

అప్పటినుంచీ ఆయనకి స్కూలు పిల్లల మారియాచి బృందాలంటే వెటకారం. "పాటకి మార్కులేమిట్రా? అదేమన్నా లెక్కల పరీక్షా?" అనేవాడు. పోటీలకి బస్సు నడిపేది తనే అయినా మూడేళ్లలో ఒక్కసారీ హాల్లో కాలు పెట్టలేదు. సీటు వెనక్కి వాల్చి, టోపీ ముఖంమీద వేసుకుని పడుకునేవాడు. అందని ద్రాక్ష పుల్లనని ఊళ్లో వాళ్లు నవ్వుకున్నారు. నిజానికి అందులో అబద్ధమేమీ లేదు.

ఆ వెటకారం మధ్యలోనే మనవరాలు నెరేయిదా తొమ్మిదో తరగతిలో గితర్రోన్ ఎత్తుకుంది.

"ఆడపిల్లవి, నీకంత గుండిగ ఎందుకే? వయొలిన్ పట్టుకో, చూడ్డానికీ బాగుంటుంది," అన్నాడు కూకో.

"చూడ్డానికి బాగుండాలంటే అద్దం ముందు నిలబడతాలే తాతా," అంది పిల్ల.

పంతానికి తాత ఒక్క తీగ కూడా చూపించలేదు. పంతానికి మనవరాలూ అడగలేదు. స్కూల్లో మిస్ ఒలివారెస్ దగ్గర స్వరాలు రాసిన కాగితం చూసి నేర్చుకుంది. ఆ టీచరు కుర్రది, మంచిది. కూకోని క్లాసుకి రమ్మని రెండుసార్లు పిలిచింది. బస్సుకి ఆయిలు మార్చాలని రెండుసార్లూ తప్పించుకున్నాడు.

ఏటా ఫిబ్రవరిలో సాన్ ఆంటోనియోలో ప్రాంతీయ పోటీ. మొదటి శ్రేణి వచ్చిన బృందాలే రాష్ట్ర పోటీకి వెళ్తాయి. మూడేళ్లూ వీళ్లకి రెండో శ్రేణే వచ్చింది. మూడేళ్లూ న్యాయనిర్ణేతల కాగితంమీద ఒకటే మాట: గితర్రోన్, గిటార్లు పాడేవాళ్లని వినడం లేదు. జడ్జీలకి చెవుల్లేవని నెరేయిదా ఏడ్చింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు కూకో. "కాగితం చూసి వాయిస్తే కాగితం వెంటే పోతారు."

ఆ మాటకి మనవరాలు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇది ఆమెకి ఆఖరి ఏడు. మేలో చదువైపోతుంది. రాష్ట్ర పోటీకి వెళ్తే ఈసారి వెళ్లాలి, లేకపోతే ఇక లేదు.

పోటీ రోజు పొద్దున్న ఆరింటికి బయలుదేరారు. పిల్లలు పద్నాలుగుమంది, వాళ్ల మిస్సు, గుడ్డూ బంగాళాదుంపా చుట్టిన టాకోలు. సగం దారిలో తెలిసింది, పాడాల్సిన యాదిరాకి గొంతు లేదని. ముందురోజు సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆటలో తమ్ముడి జట్టు కోసం గొంతు చించుకుని అరిచింది. తమ్ముడి జట్టు ఓడిపోయింది, గొంతూ పోయింది.

ఆఖరి పాట ఆమెదే. చివర్లో గొంతు హఠాత్తుగా పైకి విరిచి, సన్నటి స్వరంమీద నిలబెట్టాలి. ఆ పాటకి జనం ఎదురుచూసేది దానికోసమే. ఉన్న శ్రుతిలో ఆ పిల్ల అక్కడికి ఎక్కలేదు. పాటల జాబితా ముందే ఇచ్చేశారు కాబట్టి పాట మార్చడానికి వీల్లేదు. శ్రుతి మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు.

వేదికెక్కడానికి ఇంకా యాభై నిమిషాలుందనగా, హాలు బయట బస్సులో పడుకున్న కూకో టోపీని ఎవరో లాగేశారు. నెరేయిదా. పోటీ దుస్తుల్లో ఉంది, నడుం నుంచి మడమ దాకా వెండి బిళ్లలు గలగలమంటున్నాయి.

"తాతా, పాట శ్రుతి 'రే' నుంచి 'దో'కి దించాలి. మీ బృందంలో ఎలా దించేవాళ్లు?"

"పాడేవాడు దో అంటే దో. దించడమేంటి?"

"మాకలా రాదు. మా వేళ్లకి కాగితంలో ఉన్నదే తెలుసు." టోపీ ఆయన చేతిలో పెట్టింది. "నాలుగేళ్లలో నిన్నేమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా."

కూకో లేచి కూర్చున్నాడు. "గిటార్లవాళ్లని పిలువు," అన్నాడు.

బస్సు పక్కన నీడలో నెరేయిదాతో కలిపి అయిదుగురు నిలబడ్డారు. పాతవాళ్లు కలిపి మోగించే స్వరాలకి పేర్లు చెప్పుకోరు. మొదటిది, రెండోది, మూడోది అంటారు, అంతే. ఏ శ్రుతికైనా అవే మూడు.

"మొదటిది ఇల్లురా," అన్నాడు కూకో. "మూడోది వీధిలోకి వెళ్లడం. రెండోది గుమ్మంలో నిలబడ్డం, లోపలికి రాకుండా ఉండలేవు. ఇల్లు మారితే వీధిలోకెళ్లడం మర్చిపోతారా? మీ పాట చెప్తా వినండి. మొదటిది, మొదటిది, రెండోది, మొదటిది. ఇప్పుడు మూడోది. వాయించండి, చూస్తారేం!"

గితర్రోన్ తను తీసుకుని చూపించబోయాడు. వేళ్లు మాట వినక తీగలు జరజరమన్నాయి. పిల్లలు నేలచూపులు చూశారు. దాన్ని మనవరాలికి తిరిగిచ్చేసి, కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టు అంకెలు అరవడం మొదలుపెట్టాడు. అరగంటలో అయిదుగురికీ వచ్చేసింది. ఈలోగా మిస్ ఒలివారెస్ ఇంకో మూల వయొలిన్లకీ ట్రంపెట్లకీ కొత్త శ్రుతి కూర్చింది. ట్రంపెట్ల పిల్లలకి ఇదే ఇంకా సులువని తేలింది.

లోపలికి వెళ్లబోతూ నెరేయిదా అడిగింది. "యాదిరా గొంతు పైకి విరిచినప్పుడు మేం ఎన్ని తాళం దెబ్బలు ఆగాలి?"

"దెబ్బలు లెక్కపెట్టకు. దాని ఛాతీ చూడు. ఊపిరి అయ్యేదాకా ఆగు. పాడేది అది, నువ్వు దాని కాళ్లకింద నేలవి."

ఆరోజు కూకో హాల్లోకి వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు. వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు.

వేదికమీద టీచరు ఉండకూడదు, చెయ్యి ఊపేవాళ్లెవరూ ఉండరు. పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడి, ఒకళ్ల ఊపిరి ఒకళ్లు విని మొదలుపెట్టాలి. మొత్తం పది నిమిషాలు. జడ్జీల బల్లమీద దీపం పచ్చగా ఉంటుంది, ఆఖరి నిమిషంలో పసుపు, పది దాటితే ఎరుపు. ఎరుపు తర్వాత ఒక్క స్వరం మోగినా ఒక శ్రేణి కిందికి. ఎంత బాగా వాయించినా అంతే.

మొదటి రెండు పాటలూ శుభ్రంగా వెళ్లాయి. మూడోదానికి యాదిరా ముందుకొచ్చింది. దింపిన శ్రుతిలో ఆమె బొంగురు గొంతుకి ఎక్కడలేని బరువొచ్చింది. దీపం పసుపైంది. ఆఖరి చరణంలో గొంతు పైకి విరిచింది. అది ముందు చీలింది. మళ్లీ అందుకుంది, సన్నగా, దారంలాగా. నెరేయిదా చెయ్యి తీగల మీద గాలిలో ఆగిపోయింది. ఆమె కళ్లు యాదిరా ఛాతీమీదే ఉన్నాయి.

అప్పుడు కూకో చేసిన పనిని ఆయన ఎప్పటికీ సమర్థించుకోలేడు. అలాంటి స్వరం నిలబడ్డప్పుడు మారియాచి ఊళ్లో పుట్టినవాడు నోరు మూసుకోలేడు. కడుపులోంచి కేక వేశాడు, పెళ్లిళ్లలో వేసినట్టు, "ఆయ్ యాయ్ యాయ్!" అని. ఆ కేకకి హాలంతా కేకలు వేసింది. కేకలు వినగానే యాదిరాకి ఎక్కడలేని ఊపిరి వచ్చింది. కేక ఉండగా పాట ఆపడం ఆ ఊళ్లలో మర్యాద కాదు. ఆపలేదు. దీపం ఎర్రబడింది. నెరేయిదా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. చివరికి యాదిరా భుజాలు దిగాయి, అప్పుడు నెరేయిదా లాగింది. రెండు తీగలూ ఒక్కటై మోగాయి.

జనం లేచి నిలబడ్డారు. పదకొండు సెకన్లు ఎక్కువయ్యాయి.

ముగ్గురు జడ్జీలూ మొదటి శ్రేణే వేశారు. గడియారం దాన్ని రెండో శ్రేణి చేసింది.

బస్సులో ఏడుపులు. యాదిరా అందరికంటే ఎక్కువ ఏడ్చింది, ఉన్న ఆ కాస్త గొంతుతోనే. మిస్ ఒలివారెస్ ఎర్రబడ్డ కళ్లతో మెట్లెక్కి, "పదకొండు సెకన్లు, కూకో గారూ," అంది.

"అందులో అయిదు నా కేకవి, మిస్. పిల్లల్ని ఏమీ అనకండి," అన్నాడు ఆయన.

నెరేయిదా డ్రైవరు వెనక సీట్లో కూలబడింది. ముక్కు చీదుకుంది. కూకో ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

"దీపం నీకు కనబడలేదా?"

"కనబడింది."

"లాగేస్తే అయిపోయేదిగా. రాష్ట్ర పోటీకి వెళ్లేవాళ్లు."

"అది ఇంకా పాడుతోంది తాతా," అంది. చెప్పడానికి ఇంకేదో ఉంటుందని ఆమెకి తోచలేదు.

ఇరవై రెండేళ్లలో కూకో నలభైమంది గితర్రోన్‌వాళ్లని చూసి ఉంటాడు, అందరూ మీసాలున్న మొగవాళ్లు. ఆ జవాబు చెప్పగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. తను ఆ ముగ్గురిలో ఉన్నాడో లేదో ఆయనకి ఎప్పుడూ నమ్మకంగా తెలియలేదు.

బస్సు కదిలింది. వెనక పద్నాలుగుమంది పిల్లలు ఏడుస్తుంటే ఆయనకి మాత్రం సంతోషం ఆగడం లేదు. వాళ్ల ముందు ఆ నవ్వు మొహం పెట్టుకున్నందుకు సిగ్గేసి, ఊరు చేరేదాకా వెనక సీట్లు కనబడే అద్దంలోకి చూడకుండానే నడిపాడు.