చెయ్యి చేసుకున్న ఆదివారం

ఐర్లండ్‌లోని క్లోనీ అనే ఊళ్లో మేం ముగ్గురం కలిసి అద్దెకున్న ఇంట్లో, వంటగది ప్రెస్ తలుపుని ఒక శనివారం ఉదయం గుద్ది పగలగొట్టాను. అలమరాని ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారు. వచ్చిన ఆర్నెల్లకి మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం. లాప్‌టాప్‌లో మూడు గంటలుగా ఆడుతున్న పోకర్ టోర్నమెంట్‌లో చివరి పేకముక్క తిరగబడి నేను బయటికి పోయాను. లేచి వెళ్లి, కనిపించిన మొదటి చెక్కని కొట్టాను. చీలికల్లోంచి చెయ్యి లాక్కుంటుంటే వేళ్ల కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది.

నాతో గది పంచుకునే నిజామాబాద్ స్నేహితుడు పరుగెత్తుకొచ్చి వెనకనుంచి నా భుజాలు పట్టుకున్నాడు. అతన్ని విదిలించి నెట్టాను. స్టవ్ అంచుకి నడుం కొట్టుకుని కూలబడ్డాడు.

"నువ్వు ఆట ఆడుతున్నవా, ఎవణ్ణన్న సంపుతున్నవారా?" అన్నాడు కిందనుంచే.

ట్యాప్ తిప్పి చెయ్యి కడుక్కున్నాను.

కరీంనగర్‌లో మా ఇంట్లో కోపానికి వేరే రూపం ఉండేది కాదు. నాన్నకి కోపమొస్తే బెల్టు తీసేవాడు. నాకు కోపమొస్తే బడిలో ఎవడో ఒకడి ముక్కు పగిలేది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకడి భుజం ఎముక విరిచి నెల రోజులు సస్పెండ్ అయ్యాను. ఇక్కడి కార్లో అనే ఊళ్లో మాస్టర్స్ చదివిన ఏడాదంతా ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, అందుకే నాలో అది చచ్చిపోయిందనుకున్నాను. ఆ తర్వాత క్లోనీ దగ్గరి డేటా సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో ఆ చుట్టుపక్కల పొలాల్లో ఒక్కో భవనం లేస్తుంటే మాలాంటివాళ్లు బస్సులకి బస్సులు దిగేవారు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు దిబ్బడేసే ఫ్యాన్ల హోరు, పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టడం. మనిషి గొంతు వినపడని చోటు అది. సెలవురోజుల్లో పోకర్ పట్టుకున్నాను.

సోమవారం నా చేతి కట్టు చూసి మా షిఫ్టు లీడ్ అడిగాడు. ఆయనది విజయవాడ పక్క. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద, నేను అన్నా అనే పిలిచేవాణ్ణి.

"చేతికేమైందిరా?"

"ప్రెస్ తలుపు తగిలిందన్నా."

"తలుపే వచ్చి తగిలిందా?"

నేను నవ్వేశాను. విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు. తను పదేళ్లుగా ఈ దేశంలో హోటళ్లలో జరిగే టోర్నమెంట్లు ఆడుతున్నానని, కావాలంటే శనివారం ఇంటికి రమ్మని అన్నాడు. అలా ఆయన వంటింటి బల్ల దగ్గర నా చదువు మొదలైంది. వదిన ఒక పక్క పెసరట్లు పోస్తుంటే, ఎనిమిదేళ్ల పాప ఇంకో పక్క హోంవర్కు చేసుకునేది. తెలుగులో ఏదడిగినా అర్థం చేసుకుని, జవాబు మాత్రం పక్కా ఐరిష్ యాసలో ఇంగ్లిష్‌లో చెప్పేది. నన్ను అంకుల్ అనేది.

"ఇళ్లల్లో ఆడే పేకాట వేరు, ఇది వేరు," అని మొదలుపెట్టాడు అన్న. "నూరు మంది పది పన్నెండు టేబుళ్ల చుట్టూ ఒకేసారి కూచుంటారు. అందరికీ సమానంగా చిప్స్, అంటే పందెం బిళ్లలు ఇస్తారు. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఒక్కొక్కటిగా తెరిచే ఐదు ముక్కలు. అవి అయిపోతే లేచి ఇంటికి పోవడమే. టేబుళ్లు ఖాళీ అయ్యేకొద్దీ మిగిలినవాళ్లని కలుపుకుంటూ పోతారు, ఆఖరికి ఒక్కటే టేబుల్ మిగులుతుంది. ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం ఇరవై నిమిషాలకోసారి పెరుగుతుంది. అంటే నువ్వేం చెయ్యకుండా కూచున్నా అరిగిపోతావ్. అందుకని ఎదురుచూడటమూ రావాలి, టైమొస్తే తెగించడమూ రావాలి. రెండూ రావాలి, తెలిసిందా?"

నాకు తెగించడం ఒక్కటే వచ్చు.

ఆయన నాచేత ఒక నోటుపుస్తకం పెట్టించాడు. ప్రతి ముఖ్యమైన ఆటకీ నా దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయి, ఎవరి తర్వాత నా వంతు వచ్చింది, ఎందుకలా చేశాను అని రాయాలి. చివర ఇంకో గడి గీశాడు. "అప్పుడు లోపల ఏమనిపించిందో ఇక్కడ రాయి." మిగతావన్నీ బుద్ధిగా నింపాను. ఆ గడి మాత్రం ఖాళీగా వదిలేసేవాణ్ణి. సిగ్గనిపించేది.

ఒకటి మాత్రం ఆయన పదేపదే చెప్పేవాడు. "పెద్ద కుప్ప ముందేసుకున్నవాడు చిన్నోళ్లని తొక్కుతాడు. ఆట అంతే. దాన్ని పగగా తీసుకోకు."

నాలుగు నెలల్లో చాలా మెరుగయ్యాను. ఎప్పుడు వదలాలో లెక్క తెలిసింది. మంచి ముక్కలొచ్చినా నా వెనక ఇంకా ఆరుగురి వంతు ఉంటే పారేయడం తెలిసింది. కానీ నిజం చెప్పాలంటే, నాకు గెలవడంకన్నా ఎదుటివాడు ఓడినప్పుడు వాడి మొహం చూడటం ఇష్టంగా ఉండేది. వాడు చిప్స్ నావైపు తోస్తుంటే నా దవడలు బిగుసుకునేవి. హాస్టల్లో ఒకణ్ణి గోడకి అదిమిపట్టినప్పుడు కూడా అలాగే ఉండేది. ఇది అన్నకి చెప్పలేదు.

పోర్ట్‌లీష్ అనే ఊళ్లో ఒక హోటల్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం టోర్నమెంట్. అన్న కారులో ఇద్దరం వెళ్లాం. ఆయన మూడో గంటలోనే బయటికొచ్చి, టీ కప్పు పట్టుకుని గోడ వార నిలబడి నన్ను చూస్తున్నాడు. నేను బాగా ఆడుతున్నాను. పన్నెండు టేబుళ్లు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. ఇరవై మంది మిగిలాం. పద్దెనిమిది మందికి బహుమతి. ఇంకో ఇద్దరు పోతే చాలు, అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

నా ఎదురుగా అరవై ఏళ్ల రైతు, మోటు చేతులు, కుప్పలుగా చిప్స్. పావుగంటనుంచి ప్రతి ఆటలోనూ మా అందరినీ తొక్కుతున్నాడు. నాకు రెండు రాజులొచ్చాయి. ఆయన పెద్ద పందెం వేశాడు, నేను దాని మీద ఇంకా పెద్దది వేశాను, ఆయన సరేనన్నాడు. బల్ల మీద ఒక్కో ముక్క తెరుస్తుంటే మా పందేలు పెరుగుతూ వచ్చాయి. చివరి ముక్క ఆసు. ఆయన చేతిలో ఒక ఆసు ఉంది, ఆ జత నా రాజుల్ని కొట్టేసింది.

"హార్డ్ లక్," అన్నాడు. నిజంగా జాలిపడే అన్నాడు, అది నాకిప్పుడు తెలుసు.

నాకింకా పందెం పదిసార్లు కట్టడానికి సరిపడా చిప్స్ మిగిలాయి. ఓపిగ్గా కూర్చుంటే బహుమతిలోకి వెళ్లిపోవచ్చు. కానీ చెవుల్లో డేటా సెంటర్ ఫ్యాన్ల హోరులాంటిది మొదలైంది. తర్వాతి ఆటలో ఆయన మళ్లీ పందెం వేశాడు. నా చేతిలో జాకీ, నాలుగు. చెత్త. మొత్తం చిప్స్ రెండు చేతులతో ఆయన మీదకి తోశాను, ఆ వేగానికి కొన్ని ఆయన ఒళ్లో పడ్డాయి. ఆయన నెమ్మదిగా రెండు రాణులు తిప్పి చూపించాడు.

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. హాలు దాటి, రిసెప్షన్ దాటి, సన్నటి వానలో కార్ పార్క్‌లోకి నడిచాను. వెనకాలే అన్న వచ్చాడు.

"రాజులతో పోవడం నీ తప్పు కాదురా. ఆ తర్వాతది..."

"ఇప్పుడొద్దన్నా."

"ఇప్పుడే వినాలి. నువ్వు ఆట ఆడలేదు. ఆ పెద్దాయన్ని కొట్టాలని చూశావ్."

"ఇప్పుడొద్దంటున్న గదా!"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను వెనక్కి తిరిగి ఆయన నోటి మీద కొట్టాను.

పన్ను విరిగిన చప్పుడు నాకు వినపడింది. కళ్లద్దాలు ఎగిరి ఎక్కడో కారు కింద పడ్డాయి. ఆయన వెల్లకిలా పడి, తల కాంక్రీటు గట్టుకి కొట్టుకుంది. ఇంతవరకూ చాలామందికి చెప్పాను. ఆ తర్వాతిది రెండు చోట్లే చెప్పాను. ఆయన కిందపడ్డాక కూడా నేను ఆగలేదు. డొక్కలో ఒక తన్ను తన్నాను. ఆయన మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అన్నం పెట్టిన మనిషి, పసివాడిలా ముడుచుకున్నాడు. అప్పుడు ఆగాను.

మా టేబుల్ దగ్గర ముక్కలు పంచిన పెద్దావిడ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. హోటల్‌వాళ్లు గార్డ్స్‌ని పిలిచారు. ఇక్కడ పోలీసులని గార్డ్స్ అంటారు. ఇద్దరొచ్చారు. అందులో ఒకామె అన్న పక్కన గొంతుక్కూర్చుని, నావైపు చూపిస్తూ, "ఇతను చేశాడా?" అని అడిగింది.

అన్న నోట్లోంచి రక్తం కారుతోంది. "కాదు. వానకి కాలు జారింది," అన్నాడు.

ఆమె నమ్మలేదు. నా వేళ్లకేసి చూసింది. మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. ఆమె నా పేరు, అడ్రస్ రాసుకుని వెళ్లిపోయింది.

ఆస్పత్రి ఆ ఊళ్లోనే ఉంది. పెద్దావిడ తన కారులో అన్నని ఎక్కించుకుంది. నేను దూరంగా నిలబడి ఉంటే నావైపు తిరిగి, "నువ్వూ ఎక్కు. అతని పక్కనే కూర్చో. మొహం తిప్పుకోకుండా చూడు," అంది. చూశాను. పది నిమిషాల దారి అది. తువ్వాలు మొత్తం ఎర్రబడింది.

పెదవికి కుట్లు వేశారు. తల స్కాన్ తీశారు, లోపలేం కాలేదన్నారు. ఒక పక్కటెముక బీటవారింది. ఎవరో స్నేహితుడి కారులో వదిన, పాప వచ్చేసరికి అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. జారి పడ్డానని ఆమెకీ చెప్పాడు. వదిన నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పాప నా దగ్గరికొచ్చి నా కుడిచేతిని చూసింది. వేళ్ల మీద వాళ్ల నాన్న పంటిగాట్లు.

"డిడ్ యు హిట్ మై డాడ్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అన్న ఇచ్చిన అబద్ధమే, వాడుకుంటే చాలు. పాప కళ్లు ఎత్తలేదు, నా చేతినే చూస్తోంది.

"అవునురా," అన్నాను. "నేనే కొట్టిన."

వదిన లేచి వచ్చి నా చెంప పగలగొట్టింది. నర్సు అరిచింది. వదిన ఇంకోసారి కొట్టింది.

"మా ఇంట్లో తిన్న చెయ్యి కదయ్యా అది," అంది. "కేసయితే నీ వర్క్ పర్మిట్ పోతుందని ఈయన నాకూ అబద్ధం చెప్పాడు. పో. మా గడప తొక్కకు."

బయటికొచ్చి రైలు స్టేషన్‌దాకా నడిచాను.

అన్న షిఫ్టు మార్పించుకున్నాడు. పోర్ట్‌లీష్ హాల్లోకి నన్ను మళ్లీ రానిచ్చేది లేదని చెప్పేశారు. నేను జీపీ దగ్గరికి, అంటే మా పేట డాక్టరు దగ్గరికి వెళ్లి, "నేను మనుషుల్ని కొడతాను" అని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ భాషలో చెప్పడం సులువైంది. ఆమె నన్ను ప్రతి మంగళవారం సాయంత్రం చర్చి పక్కనుండే పారిష్ హాల్లో కూర్చునే మగవాళ్ల గుంపుకి పంపింది. కొట్టిన చేతులే అన్నీ. భార్యల్ని, కొడుకుల్ని, తమ్ముళ్లని. అక్కడే మొదటిసారి ఆ తన్ను సంగతి చెప్పాను. తర్వాత ఇంటికొచ్చి నిజామాబాద్ స్నేహితుడికి కూడా చెప్పి, స్టవ్ మీదకి నెట్టినందుకు క్షమాపణ అడిగాను. "ఇప్పుడు యాదికొచ్చిందా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ నోటుపుస్తకం తీసి, వదిలేసిన గడులు ఒక్కొక్కటే నింపాను. జ్ఞాపకం ఉన్నంతవరకు నిజమే రాశాను. "వీడి మొహం పగలాలి." "వీడు నవ్వాడు." "నాన్న." అన్నీ నింపాక నేను టోర్నమెంట్లలోంచి పోయిన ఆటలు వరసగా చదివాను. నన్ను బయటికి పంపినవి చెడ్డ ముక్కలు కాదు. ఒక దెబ్బ తగిలాక, దాని తర్వాత వచ్చిన ఆటే ప్రతిసారీ నన్ను ముంచింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పెద్ద దెబ్బ తగిలితే తర్వాతి మూడు ఆటలూ, ఏ ముక్కలొచ్చినా సరే, చూడకుండా పారేయడం. లెక్క ప్రకారం అది తప్పు. ఆసులు కూడా పారేసి ఉంటాను. కానీ ఏడాదిలో మొదటిసారి ఆఖరి టేబుళ్ల దాకా వెళ్లడం మొదలైంది.

ఆ ఆదివారం జరిగిన పదకొండో నెలలో అన్న దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఆదివారం కార్లోలో టోర్నమెంట్ ఉంది. వస్తే రా." అంతే.

వెళ్లాను. డెబ్బై మంది దాకా ఉన్నారు. అన్న దూరంగా ఇంకో టేబుల్. పెదవి మీద గీత కనిపిస్తోంది, పన్ను కొత్తది. ఇద్దరం తలలూపుకున్నాం. టేబుళ్లు తగ్గుతూ వచ్చాయి. నాలుగో గంటకి తొమ్మిది మంది మిగిలితే అందులో ఇద్దరం మేమే. ఆయన నాకు ఎడమపక్క కూర్చున్నాడు.

ఏడుగురం ఉన్నప్పుడు నాకు రెండు రాణులొచ్చాయి. ఉన్నవన్నీ పెట్టాను. ఇంకెవరైనా అయితే సంతోషించేవాణ్ణి. అన్న చాలాసేపు ఆలోచించాడు, నా దగ్గరున్నవాటికన్నా ఆయనవి కొంచెం ఎక్కువ. సరేనని ఆసు, రాజు చూపించాడు. బల్ల మీద నాలుగో ముక్కదాకా నేనే ముందున్నాను. ఐదోది రాజు.

చెవుల్లో హోరు మొదలైంది. అది పోలేదు, పోతుందని ఇప్పుడు అనుకోను కూడా. కాళ్లు నేలకి ఆనించి దాన్ని విన్నాను. తర్వాత లేచి, ఆయనతో కరచాలనం చేద్దామని కుడిచెయ్యి చాపాను.

అన్న తల వెనక్కి లాక్కున్నాడు. అరచెయ్యి మొహానికి అడ్డం వచ్చింది. ఒక్క క్షణమే. వెంటనే సర్దుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాగా ఆడావురా," అన్నాడు. "రాణులతో నేనైనా అదే చేసేవాణ్ణి."

"గెలువన్నా," అన్నాను.

టేబుల్ దగ్గర ఇంకెవరూ దాన్ని గమనించలేదు. ఆ రోజు ఆయన మూడో స్థానంలో నిలిచాడు. నేను చివరిదాకా గోడ వార నిలబడి చూశాను.

ఇప్పుడు నెలకోసారి ఏదో ఒక ఊళ్లో కలుస్తాం. కష్టమైన ఆటల గురించి మాట్లాడుకుంటాం. ఆయన ఇంటికి నేను వెళ్లలేదు, ఆయన రమ్మనలేదు. కిందటి దీపావళికి కమ్యూనిటీ హాల్లో పాప కనిపించింది. వదిన భుజందాకా ఎదిగింది. "హలో అంకుల్" అంది, మర్యాదగానే. అని, వదినకి అవతలి పక్కకి వెళ్లి నిలబడింది.