మామ్మ ప్రార్థనలో నా డ్రైవింగు పరీక్ష

బండి నడుపుతూ ఫోను మాట్లాడి గోతిలో పడ్డవాళ్ళను మీరు చూసే ఉంటారు. బండి మీద ఫోను మాట్లాడకూడదని నేర్పే శిక్షణలో, ఆ నేర్పే మాస్టారి కళ్ళ ముందే, ఫోను మాట్లాడుతూ పడ్డవాణ్ణి చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పైగా నాది మామూలు పడటం కాదు. కళ్ళు మూసుకుని, భక్తిశ్రద్ధలతో పడ్డాను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. మాది నరసన్నపేట. టచ్ ఫోనూ మోటారు సైకిలూ ఒకే ఏడాది చేతికొచ్చిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి, కాబట్టి బుర్ర ఆ ఏడాదికి సెలవు పెట్టింది. శ్రీకాకుళంలో ఒక పార్సెల్ ఆఫీసువాళ్ళు ఇంటింటికీ సరుకు అందించే ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్కటే మెలిక. కుర్ర డ్రైవర్లకు పెట్టే రోడ్డు భద్రత శిక్షణలో పాసై రావాలి. పాసైతే ఉద్యోగం, లేకపోతే మా నాన్నతో తాపీ పని.

"సిమెంటు బస్తాకి ఫోను రాదురా. నీకు అదే మంచిది," అని మా నాన్న ముందే తేల్చేశాడు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఎలాగైనా పాసవ్వాలనుకున్నాను.

శిక్షణ మార్కెట్ యార్డులో పెట్టారు. విశాలమైన సిమెంటు నేల. ఒక పక్క మేం, ఇంకో పక్క రైతులు ఆరబోసి పోగులు పెట్టుకున్న ధాన్యం. మా మాస్టారు సన్యాసిరావు గారు. నుదుట రూపాయంత కుంకుమ బొట్టు, మెడలో ఈల, తల మీద టోపీ. చివరి రోజు పరీక్ష ఏమిటంటే, సున్నంతో గీసిన రెండు గీతల మధ్య బండి నడుపుతూ పోవాలి. దారిలో ఆయన మన జేబులోని ఫోనుకు రింగిస్తారు. ఎత్తినవాడు ఫెయిలు.

"ఇదేటి పరీక్ష సార్? ముందే సెప్పీసినారు కదా, ఇంకెవడు ఎత్తుతాడు?" అన్నాను.

"ఎత్తుతార్రా. సేతులు ఊరుకోవు," అన్నారాయన. నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు బతకలేదు.

ఇక్కడ మా మామ్మ గురించి చెప్పాలి. మామ్మ అంటే నాన్నవాళ్ళ అమ్మ. మా బాప్టిస్టు చర్చిలో ప్రార్థనకు పెట్టింది పేరు. ఆవిడ ప్రార్థన చెయ్యకుండా మా ఇంట్లో ఎవరూ ప్రయాణం కట్టరు. ఆ రోజు పొద్దున్నే ఆవిడ జ్వరంతో ఉన్న ఎవరినో చూడటానికి వెళ్ళడంతో, నేను ప్రార్థన లేకుండా బయల్దేరాను. పోనీ ఆవిడ ఫోను చేస్తే ఎత్తకుండా ఉండొచ్చు కదా అంటారు మీరు. ఒకసారి సినిమా హాల్లో ఉండి ఎత్తలేదు లెండి. ఇంటికొచ్చేసరికి చర్చిలో సగంమంది మా చాపల మీద మోకరించి, నేను ప్రాణాలతో దొరకాలని ప్రార్థిస్తున్నారు. నేను లోపలికి పోబోతే గుమ్మం దగ్గరున్నాయన, "ఆగు బాబూ, ప్రార్థన అవనీ," అని నన్నే బయట నిలబెట్టాడు.

సరే, నా వంతు వచ్చింది. బండి కదిలింది. ఫోను మోగింది. ఎత్తలేదు. "శభాష్," అన్నారు మాస్టారు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు. ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాను. మూడోసారి చర్చి గంట మోగింది. అది మామ్మ నంబరుకు పెట్టుకున్న రింగు. నా ఎడమ చెయ్యి నన్నడక్కుండా ఫోను తీసి హెల్మెట్లో దోపేసింది.

"మామ్మా, బండి మీదున్నాను. తర్వాత సెయ్యి."

"బండి మీదున్నావనే కదా సేత్తన్నాను. పొద్దున్న ప్రార్థన నేకుండా ఎల్లిపోయినావు. రెండు ముక్కల్లో అయిపోతాది. కళ్ళు మూసుకో నాయనా."

మూసుకున్నాను. నవ్వకండి. అది బుద్ధి చేసిన పని కాదు, రెప్పలు చేసిన పని. చిన్నప్పుడు ప్రార్థనలో ఒక్క కన్ను తెరిచినా మామ్మ తొడపాశం పెట్టేది. ఆవిడ కళ్ళు కూడా మూసే ఉంటాయి కదా, నేను తెరిచానని ఎలా తెలిసేదో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మామ్మ మాట్లాడితే మా ఊరి యాస. ప్రార్థన మొదలుపెడితే మాత్రం అచ్చం బైబిలు భాష. "ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డ చేతులను దీవించుము. కాళ్ళను దీవించుము. బండి ముందు చక్రమును దీవించుము..."

ఎక్కడో ఈల మోగుతోంది. వేరే కుర్రాడికేమో అనుకున్నాను. ఎవరో ఆడమనిషి "బాబూ, ధాన్యం, ధాన్యం" అంటోంది. కొనేవాళ్ళను పిలుస్తోందేమో అనుకున్నాను. "వెనుక చక్రమును దీవించుము" అనేసరికి ముందు చక్రం పోగు ఎక్కేసింది. "బ్రేకులను దీవించుము" అంది మామ్మ. ఆ ముక్క ముందు చెప్పి ఉంటే పట్టుకునేవాణ్ణి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో మామ్మను గెలవలేక, రచ్చలో నడుం దాకా ధాన్యంలో కూరుకుపోయాను. హెల్మెట్లోంచి "ఆమెన్" అని వినిపించింది. అనకపోతే బాగోదని నేనూ "ఆమెన్" అన్నాను.

ధాన్యం తాలూకు సూరమ్మ చీపురుతో వచ్చింది. "ఇంత యార్డుంటే నీకు నా పోగే దొరికినాదేటి బాబూ?"

వెనకే సన్యాసిరావు గారు ఆయాసపడుతూ వచ్చారు. "ఎవుడితోరా మాట్లాడతన్నావు?"

"దేవుడితో సార్."

"దేవుడిది ఏ కంపెనీ సిమ్మురా?" అంటూ ఫోను లాక్కున్నారు. చూస్తే తెర మీద 'మామ్మ'. అందరికీ బుద్ధి రావాలని స్పీకరు పెట్టారు. "అమ్మా, బండి నడిపే గుంటడికి ఫోను సేత్తారేటి? ఈడు ఫెయిలు. ఉజ్జోగం పోయినట్టే."

నాన్న తాపీ కళ్ళ ముందు మెరిసింది.

"దెబ్బ తగిలినాదేటి బాబూ?" అంది మామ్మ.

"నేదు. ధాన్యంలో పడ్డాడు."

"సూసినారా, ప్రార్థన ఎలగ పని సేసినాదో. మీరు కోపం మీదున్నట్టున్నారు. మీక్కూడా రెండు ముక్కలు సేత్తాను. కళ్ళు మూసుకోండి నాయనా."

"అదికాదమ్మా, నేను..." అన్నారాయన. ఈలోగా ప్రార్థన మొదలైపోయింది. మా వైపు పెద్దావిడ దేవుణ్ణి తలుచుకుంటుంటే, అది ఏ దేవుడైనా సరే, మధ్యలో ఎవరూ అడ్డురారు. మాస్టారు టోపీ తీసి కళ్ళు మూసుకున్నారు. కుర్రాళ్ళంతా తలలు వంచారు. సూరమ్మ చీపురు చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టింది.

"ఈ మాస్టారి ఇంటిని దీవించుము. పిల్లలను దీవించుము. మోకాళ్ళ నొప్పులను తొలగించుము. వారి హృదయమును మెత్తపరచి, నా మనవడికి రేపు మరల పరీక్ష పెట్టునట్లు చేయుము."

"ఆమెన్," అన్నాం అందరం. గట్టిగా అన్నది మాత్రం సన్యాసిరావు గారే.

కళ్ళు తెరిచాక ఆయనకేదో అనుమానం వచ్చింది. "ఒరే, ఆమెన్ అంటే ఏట్రా?"

"అలాగే జరుగుగాక అని సార్."

ఆయన ఆకాశం వంక చూశారు, ఫోను వంక చూశారు, చివరికి నా వంక చూశారు. "రేపొద్దున్న రా," అన్నారు టోపీ పెట్టుకుంటూ. "ఫోను ఇంటికాడ ఒగ్గీసి రా. నేకపోతే మీ మామ్మ ఇక్కడ అందరికీ పాసు మార్కులు ఏయించీసేలాగుంది."

సాయంత్రం దాకా సూరమ్మ ధాన్యం ఎత్తి, మర్నాడు పాసయ్యాను. సర్వజనుల సమక్షంలో ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను. బండి మీదుండగా ఇక ఏ ఫోనూ ఎత్తను, అందులో సాక్షాత్తూ మామ్మే ఉన్నా సరే. ఎవరైనా కళ్ళు మూసుకోమంటే, ముందు బండి పక్కకు ఆపి, స్టాండు వేసి, తాళం తీసి జేబులో పెట్టుకుని, అప్పుడే మూసుకుంటాను. ఆమెన్.