సి కంపైలర్‌కు చాలని మెమొరీ

నర్సీపట్నంలో మా కంప్యూటర్ సెంటర్ ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉండేది. నేనక్కడ ప్రోగ్రామింగ్ చెప్పేవాణ్ణి. అప్పటి కంప్యూటరులో ప్రోగ్రాములకు దొరికే మెమొరీ ఆరువందల నలభై కిలోబైట్లు. ఇప్పుడు ఫోనుతో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. మేం నేర్పే పాస్కల్ భాషకు కంపైలర్, అంటే రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ భాషలోకి మార్చేది, మాత్రం ప్రోగ్రాం టైపు చేసే ఎడిటర్‌తో సహా అందులో ఓ మూల సర్దుకునేది. మీట నొక్కగానే తప్పులు చూపించేది.

సెంటర్ యజమాని విశాఖపట్నం వెళ్లి సి అనే మరో భాషకు కంపైలర్‌ను ఫ్లాపీల కట్టగా తెచ్చారు. నేను దాన్ని నడిపి చూడకముందే వీధిలో 'ఇచ్చట సి నేర్పబడును' అని బోర్డు కట్టించేశారు.

మొదట చేరింది కోటవురట్ల నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి. వాళ్లది చెరకు పండించే ఇల్లు. ఎవరి చెరకు ముందు నరకాలో ఊళ్లో ఏటా తగువేనట. నాటిన తేదీలను బట్టి వరస తేల్చే ప్రోగ్రాం రాసింది. చక్కగానే రాసింది. కంపైల్ చేస్తే మెమొరీ చాలదని సగంలో ఆగిపోయింది.

"ఏటి మాస్టారూ, నానేటి తప్పు సేసేను?"

"నీ తప్పేం లేదమ్మా. ఈ సి ఎడిటరే చాలా మెమొరీ మింగేసింది. ఇక కంపైలర్‌కి చోటెక్కడిది?"

కొంత చోటు మిగులుతుందని మౌస్‌ను నడిపే ప్రోగ్రాం తీసేశాను. చాల్లేదు. ఎడిటర్ మూసి కంపైలర్‌ను విడిగా నడిపితే కదిలింది. కానీ ఒక్క సెమికోలన్ మరిచిపోయినా మళ్లీ ఎడిటర్ తెరవాలి, దిద్దాలి, మూయాలి, ఫ్లాపీ మార్చాలి. ఆమె క్లాసంతా దానికే సరిపోయేది.

"బేగి అవదేటండీ? బస్సెళ్లిపోద్ది," అనేది.

పోరగా పోరగా యజమాని అదనపు మెమొరీ తెప్పించారు. బిగించి చూస్తే మళ్లీ అదే సందేశం. ఆ ఆరువందల నలభై దాటి ఉన్నది ఆ కంపైలర్‌కు అసలు కనపడదు.

"ఎదురుగా ఎట్టింది కనపడకపోడమేటి? నీకు సెయ్యడం రాదని సెప్పు!" అని యజమాని అరిచారు. ఎంత వివరించినా వినలేదు. ఒళ్లు మండింది నాకు.

విసిగిపోయి ఆ అమ్మాయితో ప్రోగ్రాంను పాస్కల్‌లో తిరగరాయించాను. ఒక్క మధ్యాహ్నంలో పూర్తిచేసింది. నడిపించగానే పేర్లన్నీ వరసగా తెర మీదకొచ్చాయి. ఆమె నవ్వుతూ ప్రింటు తీసుకుని బస్సెక్కింది. ఆ ఏడు ఊరి పెద్దలు ఆ వరసకే ఒప్పుకున్నారని తర్వాత చెప్పింది.

ఆ సంగతి సంతోషంగా యజమానికి చెప్పాను.

"బోర్డు మీద సి అని ఉంటే పాస్కల్ సెప్తావేటి?" అని, పాస్కల్ ఫ్లాపీని బీరువాలో పెట్టి తాళం వేసేశారు.