సముద్రపు కాకి

చలికాలం మొదలవగానే హార్బర్ మీద తెల్లపక్షులు దిగేవి. మా పేటలో వాటిని సముద్రపు కాకులనేవారు. అంత తెల్లగా ఉన్నదాన్ని కాకి అనడమేమిటని చిన్నప్పుడు నాన్నతో పోట్లాడాను. చేపల వేటకెళ్లే మనిషి కదా, నవ్వేశాడు. "రంగు సూసి పెట్టినారేటే పేరు? గట్టు మీద కాకి మన ఇంటి సుట్టూ తిరగదా? నడిసంద్రంలో ఇదీ అంతే. మన ఎంగిలి తినీసి మనతోనే తిరుగుతాది."

తొంభైల్లో ఒక కార్తీకంలో ఆయన పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు. ఆ పొద్దున బీడీలు మానమన్నందుకు అమ్మతో గొడవపడి, చద్దన్నం గిన్నె తోసేసి వెళ్లాడు. "కడుపు మాడ్సుకొని ఎల్లిపోనాడే," అమ్మకి రోజూ ఇదే మాట.

పెద్దకర్మనాడు ఇసుకలో ఆకేసి ముద్ద పెట్టాం. కాకి ముడితేనే పోయినవాడు తృప్తిపడ్డట్టు. మా హార్బర్ కాకులకేం, ఎప్పుడూ కడుపునిండా చేపలే! ఒక్కటీ రాదే. అలా రాకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని, బతికున్నవాళ్లు పైకి మాటివ్వాలి. "అన్నా, వలలు నాను సూసుకుంటాను," అన్నాడు చిన్నాన్న. రాలేదు. "పిల్లని సదివిత్తాం." ఊహూ. నాకు ఒళ్లు మండిపోయింది. అంత పంతమా ఈయనకి? అమ్మ కూర్చోలేదు, నిలబడలేదు. చివరికి ఆకు ముందు చతికిలబడి అరిచింది.

"ఇంకా కోపమేటి? బీడీలు కాల్సుకో, నానేటీ అనను. తినీసెల్లు!"

రివ్వున ఓ తెల్లపక్షి దిగి ముద్ద తన్నుకుపోయింది.

"అది కాకి కాదు, లెక్కలోకి రాదు," అన్నాడు కులపెద్ద.

అమ్మ లేచింది. "నా పెనిమిటి పోనాది గట్టు మీదేటి? సంద్రంలో ఆడి కాకి ఇదే. నీకేటి తెలుసు?"

అమ్మ అప్పుడు భోరుమంది. హమ్మయ్య, తిన్నాడని నేనూ ఏడ్చాను.

రెండువేల సంవత్సరం దాటాక నాకు సిటీలో, ద్వారకా నగర్‌లో ఉద్యోగం వచ్చింది. ఏటా తద్దినంనాడు అమ్మని తీరానికి తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు ఆకు వేయడమే తరువాయి, కాకులు మూగేవి. అమ్మ కర్ర పట్టుకుని వాటిని తోలేసేది. "ముట్టనీయవే అమ్మా, ఆఫీసుకి లేటవుతోంది," అని విసుక్కునేదాన్ని. వింటేగా! ఒక్కో ఏడు ఆ తెల్లవి ఆలస్యంగా వచ్చేవి. అమ్మ నీళ్లకేసి చూస్తూ ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసేది.

"ఇంకా రానేదేటే? అన్నం సల్లారిపోతంది."