మారు వడ్డన

ఒక డైటీషియన్‌ని నేను మూడు చెరువుల నీళ్ళు తాగించానని మా కోవూరులో చెప్పుకుంటారు. నెల్లూరు ఆస్పత్రిలో నా అడుగుల చప్పుడికే ఆమె వణికేదని కూడా అంటారు. చెప్పుకునేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ మాటలు కాస్త తగ్గించుకోండి. ఆమె ఇంకా డైటీషియన్ కాలేదు, ట్రైనింగులో ఉన్న పిల్ల. వణికినవాళ్ళు ఎవరూ లేరు.

కాలి బొటనవేలి మీద పుండు మానకపోతే ఆ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు నా షుగర్ చీటీ చూసి, తిండి సంగతి మాట్లాడుకోమని ఆ పిల్ల దగ్గరికి పంపాడు. తెల్లకోటు, మెడలో కార్డు, బల్లమీద ప్లాస్టిక్ ఇడ్లీలు, వాటి పక్కన ఒక స్టీలు కప్పు.

"పూటకి ఈ కప్పుతో ఒక కప్పన్నం సార్. అంతే."

నేను జీవితమంతా రైసుమిల్లులో గడిపినవాణ్ణి. మిల్లు నాదేనని చాలామందితో అన్నాను గానీ, నిజానికి అక్కడ బస్తాలు తూచే గుమాస్తాని. అయినా బియ్యం మీద నాకున్న ప్రేమ ఆ మిల్లు యజమానికి కూడా లేదు.

"ఏ ఊరమ్మా నీది?"

"వాకాడు పక్కన పాళెం సార్. మా నాయన సముద్రం మీద చేపల వేటకి పోతాడు."

"చేపల పులుసుతో పెరిగినదానివి. పులుసులోకి కప్పన్నం ఏ మూలకొస్తుందో నీకు తెలీదా?"

"తెలుసు సార్. ఆ వేలు తీసేస్తే మీ చెప్పు ఎంత వదులవుతుందో అది గూడా తెలుసు."

ఆ రోజే పగ పుట్టింది.

ఆ కప్పుని నా వెంట వచ్చిన నా భార్య చేతికిచ్చి పంపింది. తరువాత తరచుగా ఇంటికి ఫోను చేసేది, నాకు కాదు, నా భార్యకి. "అవ్వా, తాతకి ఎంత పెట్టినావు?" "కప్పే పెట్టినానమ్మా." "చిరుతిండి?" "బిస్కెట్టు గూడా లేదు." నా భార్య ప్రార్థన చేయకుండా మంచినీళ్ళు ముట్టని మనిషి. అబద్ధం ఆమె నోట రాదు. మా ఇంట్లో ఆ పని నాది.

అయినా మళ్ళీ రక్తం పరీక్ష చేస్తే షుగర్ దిగలేదు. ట్రైనింగు పిల్లల మీద పెత్తనం చేసే మేడమ్ నన్నూ ఆ పిల్లనీ తన గదికి పిలిచింది.

"ఒక్క కప్పు తినే మనిషికి ఇంత షుగరా? నీ రిపోర్టు కట్టుకథ."

"కాదు మేడమ్. ఈయన అబద్ధాలాడతాడు గానీ అవ్వ ఆడదు." నా ఎదుటే అన్నది!

"అయితే కారణం కనుక్కో. లేదా ఈ కేసు మీద నేను సంతకం చెయ్యను. నీ ఇంటర్న్‌షిప్ మళ్ళీ మొదటినుంచి చేసుకో, రిజిస్ట్రేషన్ పరీక్ష వచ్చే ఏడాది చూసుకో. పాళెం వాళ్ళకి ఈ కోర్సెందుకని నేను అప్పుడే అన్నాను."

నాకు లోపల సంబరంగానే ఉంది గానీ, ఆఖరి మాట మాత్రం మింగుడుపడలేదు. ఆ పిల్లని తిట్టే హక్కు నాది. మధ్యలో ఈవిడెవరు?

ఆ వారంలోనే ఆ పిల్లా మేడమూ ఇద్దరూ మధ్యాహ్నం భోజనాల వేళకి మా ఇంటికి వచ్చి, నా కంచం ఎదురుగా కుర్చీలు వేసుకున్నారు. నా భార్య అన్నం కప్పులోకి తీసి, పైన వేలితో సమంగా గీసి, కంచంలో బోర్లించింది. మామిడికాయ వేసిన వంజరం చేపల పులుసు పోసింది. తిన్నాను. మేడమ్ ఆ పిల్లకేసి చూసింది, ఇంకేముంది అన్నట్టు. ఇంతలో నా భార్య గిన్నె తెచ్చి రెండు గరిటెల అన్నం వేసి మళ్ళీ పులుసు పోసింది. పెరుగులోకి ఇంకో గరిటె.

"ఆగవ్వా! అదేంది?"

"మారు."

"రోజూ కప్పే అంటివే?"

"కప్పే గదా పెట్టింది. ఇది మారు. మారుకి లెక్కేంది? ఒక్కసారి వడ్డించి చేతులు కడుక్కుంటే పగోడికి పెట్టినట్టు గాదా?"

ఇక్కడ నేను ఒక్క అక్షరం కూడా పెంచడం లేదు. ఒక్క కప్పే తింటున్నానని నేనూ నమ్మాను. మారు తినేవాడి ఆకలి కోసం కాదు, వడ్డించేవాళ్ళ మర్యాద కోసం. మర్యాదని ఎవరైనా తిండిలో కలుపుతారా?

"మీ ఇంట్లో కూడా ఇంతేనా?" అని మేడమ్ ఆ పిల్లని అడిగింది.

"ఇంతే మేడమ్. మారు పడందే మాయమ్మ లేవనీదు."

"మరి అడగాలని తట్టలేదా?"

"అది తిండని తట్టలేదు."

"సరే, కారణం దొరికింది. షుగర్ తగ్గించి చూపించు. సంతకం సంగతి అప్పుడు."

ఆ పిల్ల నా భార్య పక్కన కింద కూర్చుంది. "మారు మానెయ్యవ్వా."

"ఎట్ట మానేస్తాను? ఆయన నా మొగుడమ్మా, పగోడు గాదు."

"అట్ట చెప్పు!" అన్నాను.

"మీరు నోరు మూసుకోండి తాతా." ఆస్పత్రిలో నేర్పిన సారూ గీరూ గాలికి పోయింది. కప్పు నిండా అన్నం తీసి, సగం ఒక పళ్ళెంలో పెట్టి, మిగతా సగం కప్పులోనే ఉంచింది. "ఇది ముందు పెట్టు. ఇది మారు. నీ మారు నీకుంటది, నా కప్పు నాకుంటది."

నా భార్య ఆ కప్పు అందుకుని తల ఊపింది. నేను అక్కడే ఉండగా నా కంచాన్ని వాళ్ళిద్దరూ పంచేసుకున్నారు.

మళ్ళీ పరీక్షకి ముందు రోజు సాయంత్రం కోవూరు సెంటర్లో మిఠాయికొట్టు ముందు నిలబడ్డాను. జిలేబీలు వేడివేడిగా తీస్తున్నారు. నాలుగు తింటే చాలు, ఆ పిల్లకి రావలసిన సంతకం గంగలో కలుస్తుంది. తినకుండా తిరిగి వచ్చాను. ఆడపిల్ల మీద జాలిపడి వచ్చానని అందరితో అన్నాను. జాలీ లేదు, గీలీ లేదు. తింటే గెలిచేది నేను కాదు, మేడమ్. పాళెం వాళ్ళకెందుకన్న ఆవిడ మాటే నిలబడుతుంది. ఆవిడని గెలిపించడం కంటే జిలేబీ వదులుకోవడం నయమనిపించింది.

నా షుగర్ పసిపిల్లాడి షుగర్‌లాగా అయిందని మా వీధిలో చాటాను. అంత లేదు. దిగింది, అంతే. మేడమ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. తప్పేదీ దొరక్క, పెన్ను మూత తీసి సంతకం పెట్టింది.

ఆ పిల్ల ఫైలు లాక్కున్నంత పని చేసింది. "ఇంక మీ మొహం చూడాల్సిన పన్లేదు తాతా. అది చాలు నాకు."

"నాకూ అదే కావాల. పో."

పోయింది. నేనూ లేవబోయాను.

"కూర్చోండి" అన్నది మేడమ్. "వచ్చే వారం కొత్త బ్యాచ్ వస్తోంది. మీలాంటి మొండి కేసు మళ్ళీ దొరకదు. మొదటి అమ్మాయికి మిమ్మల్నే ఇస్తున్నాను."

నేను రాలేనన్నాను. ఎందుకని అడిగింది. తొందరలో ఇంకేమీ తోచక, ఒంట్లో బాగుండటం లేదన్నాను.

"అందుకే రమ్మంటున్నాను" అన్నది.