మా మేడ దంతెలు లేపిన అన్న

మొన్న ఆదివారం దుకాణం తెరుస్తుంటే నిజామాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కొడుకింట్లో ఉంటున్న మా వడ్రంగి అన్న నిద్రలోనే పోయాడని ఆయన కోడలు చెప్పింది. షట్టర్ సగంలో వదిలేసి మెట్ల మీద కూలబడ్డాను. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

బోధన్ పాత బజారులో మాది కింద దుకాణం, పైన ఇల్లు. పైన నేలంతా చెక్కే. దూలాల మీద అడ్డంగా టేకు దంతెలు, వాటి మీద పలకలు. మా నాయన వేయించిన ఆ దంతెలు నడుమ కుంగి, నేల పళ్లెంలా గుంట పడింది. మాకు అలవాటైపోయింది. కానీ పోయినేడు బండి ప్రమాదంలో, బడిలో టీచరుగా చేసే నా బిడ్డ కాలు విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు రోజూ సాపు నేల మీద నడిపించమన్నాడు. మళ్లీ పడితే ఆ కాలు పనికిరాదన్నాడు. మెట్లు దిగే వీల్లేదు. ఇంటికొచ్చిన మూడో నాడే ఆ వాలులో తూలింది. గోడ దొరకబట్టి నిలిచింది.

పైన సిమెంటు పోసి సాపు చేయమని అన్నను అడిగాను. ఆయన నవ్వాడు.

"మీద బరువేస్తే కింద ఇంకింత కుంగుతది సేటు. కిందికెల్లి లేపాలె."

సన్నటి పైపులో నీళ్లు నింపి మట్టం చూసి, నాలుగు గోడలకూ గీతలు పెట్టాడు. పాత చెరకు లారీ జాకీ ఒకటి తెచ్చి కింద దుకాణంలో పెట్టి, దాని మీద మొద్దు నిలబెట్టి దంతెకు ఆనించాడు. రోజూ పొద్దున పావు చుట్టే తిప్పేవాడు. ఆ తర్వాత కట్టెకు చెవి పెట్టి వినేవాడు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేయించుకునేవాడు. మా ఇంటామె వద్దంటే, చక్కెర ఫ్యాక్టరీ ఊరు బోధన్‌లో పుట్టి చప్పటి చాయ్ తాగితే ఊరు నవ్వుతుందనేవాడు.

నాకే ఓపిక లేకపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు నిండా రెండు చుట్లు తిప్పాను. టప్పుమని దంతె నెర్రె విచ్చింది. సరిగ్గా దాని మీదే నా బిడ్డ మంచం. కదలొద్దని అరిచి, ఆయన వచ్చేదాకా ఆ మొద్దును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అన్న వచ్చి మరో రెండు మొద్దులు ఆనించి, అప్పుడు నా వైపు తిరిగాడు.

"బిడ్డ కాలు ఒక్క దినంల అతికిందా సేటు? కట్టె గూడ గంతే."

విరిగినదాని పక్కన కొత్త టేకు జోడించి బోల్టులు బిగించాడు. మర్నాటి నుంచి మళ్లీ పావు చుట్టే.

దంతెలన్నీ గోడల మీది నాలుగు గీతలకూ సరిపోయిన రోజు, బిడ్డను నడిపించి చూద్దామన్నాను. ఆయన పైకి రానన్నాడు.

"నడిసేది మీద. మోసేది ఈడ. నేనీడనే ఉంట."

నా బిడ్డ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఏదీ పట్టుకోకుండా నడిచింది. ఇప్పుడు మళ్లీ బడికి పోయి పాఠాలు కూడా చెబుతోంది. నా సంతోషం ఎంత రాసినా తీరదు. ఆ రోజు మాత్రం ఈ వయసులో మెట్లు రెండేసి దూకుతూ కిందికి పరుగెత్తాను. అన్న స్టూలెక్కి, అతికించిన దంతెకు అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను నోరు తెరవబోతే రెండో చేయెత్తి ఆపాడు. పైన నా బిడ్డ ఆ గోడ నుంచి తిరిగి వస్తోంది.