లియావ్ డాక్టరు గారి సందేహాలు

లియావ్ డాక్టరు గారికి సందేహాల జబ్బు. మా జియాయీ ఊళ్లో పళ్ల డాక్టరుగా ఆయనకు ఎంత పేరుందో, మా ఊరి ఆర్కెస్ట్రాలో ప్రశ్నలు అడిగి ప్రాణం తీసే మనిషిగా అంతకు రెట్టింపు పేరుంది. ఒక్క శనివారం ఆయన రాకపోతే రిహార్సల్ గంట ముందే ముగుస్తుందని అందరికీ ఆశ. ఆయన మాత్రం తుపాను రోజున కూడా వచ్చారు.

"ఇంత గాలివానలో రిహార్సల్ ఉండదని తెలీదా డాక్టరు గారూ?" అన్నాడు హాలు కాపలాదారు.

"ఆ సందేహం వచ్చే, కనుక్కుందామని వచ్చాను" అన్నారట.

ఆయన వాయించేది డబుల్ బాస్. వయొలిన్ల వంశానికి అది తాతగారు. నిలబెడితే మనిషిని మించి ఉంటుంది. డాక్టరు గారేమో పొట్టి. వెనక నిలబడితే కళ్లజోడూ, దాని పైన బట్టతలా తప్ప ఏమీ కనిపించవు. దాంతో ఆయన నోరు విప్పినప్పుడల్లా ఆ వాద్యానికే సందేహం వచ్చినట్టుండేది.

క్లినిక్‌లోనూ అదే వరస. రోగి నోట్లో పట్టకారు పెట్టాకే ఆయనకు లోకంలోని విషయాలన్నీ గుర్తొచ్చేవి.

"మీ అమ్మాయి పెళ్లెప్పుడండీ?"

"ఆ... గ..."

"ఆగస్టులోనా! దయ్యాలు భూమ్మీద తిరిగే నెలలో ఎవరైనా పెళ్లి చేస్తారటండీ?"

కాదు మొర్రో అని చెప్పడానికి రోగి కోపంగా లేవబోయేసరికి, పన్ను డాక్టరు గారి చేతిలో ఉండేది.

ఇక నా సంగతి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పిల్లలకు పియానో నేర్పుకుంటూ, ఆర్కెస్ట్రాను నడపడం ఫాంగ్ మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నాను. ఆ ఆర్కెస్ట్రాను పెంచి పెద్ద చేసింది ఆయనే. రోజూ నన్ను అద్దం ముందు నిలబెట్టి, అన్నం తినే పుల్ల చేతికిచ్చి తాళం వేయించేవారు. అంతలో ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. "నా చెయ్యి లేచేదాకా నీ చెయ్యి లేపు" అని నన్ను వేదిక ఎక్కించేశారు.

అద్దం ముందు నాకు తిరుగులేదు. అద్దం తిరిగి వాయించదు కదా! పాత కలప గోదాములో మా రిహార్సల్ హాలు. మొదటి శనివారం అక్కడ నలభై మంది ఎదుట చెయ్యి ఊపాను. వాళ్లు నిజంగానే వాయించడం మొదలుపెట్టారు. ఆ భయానికి చెయ్యి ఇంకా జోరుగా ఊగింది. వాళ్లూ ఇంకా జోరుగా వాయించారు. ఫ్లూటు వాయించే అమ్మాయి ఊపిరాడక ఎర్రబడిపోయింది. ఇక లాభం లేదని ఆపేశాను.

ఆపడమైతే ఆపాను గానీ, ఆపినవాళ్లు ఏదో ఒకటి చెప్పాలి. నలభై జతల కళ్లు నా మీదే ఉన్నాయి. ఎదురుగా ఉన్న స్వరాల పుస్తకంలో మేము ఏ పేజీలో ఉన్నామో కూడా నాకు తెలియడం లేదు.

"చిన్న టీచరమ్మా, ఒక్క సందేహం" అంది డబుల్ బాస్. "ఇక్కడ నేను గట్టిగా వాయించాలా, మెల్లగానా?"

హాలంతా మూలిగింది. మొదటి వయొలిన్ శ్వే అక్క వెనక్కి తిరిగింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆర్కెస్ట్రా పెత్తనమంతా ఆవిడదే.

"డాక్టరు గారూ, మెల్లగా అని అక్కడే రాసుంది. కనబడట్లేదా?"

"కళ్లజోడు మార్చాలమ్మా."

"మొన్ననేగా మార్చారు!"

"అది మార్చింది చూడ్డానికి. ఇది చదవడానికి."

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటుండగా నేను పేజీలు తిప్పి చోటు వెతుక్కున్నాను. చెప్పాల్సిన మాటా దొరికింది. పోనీలే, ఈ ముసలాయన పుణ్యమా అని బతికిపోయాను అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి వారం ఇదే తంతు. "ఎక్కడి నుంచి మొదలుపెట్టమన్నావమ్మా?" "ఈ చుక్క స్వరమా, ఈగ వేసిన మచ్చా?" "ఇందాక ఆపింది నా వల్లేనా?" చివరికి శ్వే అక్క ఒక రూలు పెట్టింది.

"డాక్టరు గారూ, ఈరోజు నుంచి మీకు ఒక్కటే ప్రశ్న."

"ఒక్కటేనా?"

"అయిపోయింది. కూర్చోండి."

"నిలబడి వాయించేవాణ్ణి, ఎక్కడ కూర్చోను?"

"ఇది రెండోది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. రూలు ఆరోజే చచ్చిపోయింది.

డిసెంబరు కచేరీ దగ్గరపడింది. ఫాంగ్ మాస్టారి చెయ్యి ఇంకా లేవలేదు. టికెట్లు కొని వచ్చే జనం ముందు నాలాంటి పిల్లను నిలబెట్టడానికి శ్వే అక్కకు ధైర్యం చాల్లేదు. తైపే నగరం నుంచి అనుభవం ఉన్నాయన్ని ఒకర్ని పిలిపించింది. "ఏమీ అనుకోకు తల్లీ. ఒక్క శనివారం ఆయన చేత చేయించి చూద్దాం. నువ్వు పక్కన కూర్చుని చూడు" అంది. తల ఊపాను. కుర్చీ ఒకటి లాక్కుని గోడ పక్కన వేసుకున్నాను.

వచ్చినాయన వేదిక ఎక్కకముందే ఆయన చెవిలో శ్వే అక్క హెచ్చరించింది. "వెనక డబుల్ బాస్ దగ్గర ఒక పెద్దాయన ఉంటారు. ఓపిక పట్టాలి."

రిహార్సల్ మొదలైంది. ఆయన చెయ్యి తిప్పితే సంగీతం నీళ్లలా పారింది. ఆపినప్పుడల్లా అందరూ అలవాటు కొద్దీ వెనక్కి చూశారు. డబుల్ బాస్ నోరు మెదపలేదు. ఇంకోసారి ఆపారు. అప్పుడూ అంతే. టీ వేళకి శ్వే అక్క కంగారుగా వెళ్లి డాక్టరు గారి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జ్వరమేమన్నానా?"

"లేదే!"

"మరి ఒక్క సందేహమూ రాలేదేం?"

"ఆయనకి అన్నీ తెలుసుగా. ఇంక అడగడానికేముంది?" అంటూ డాక్టరు గారు అనాసపండు బిస్కట్టు కొరికారు.

శ్వే అక్క చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. డాక్టరు గారి వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది. పేజీలు కలిసిపోయి నేను బిత్తరపోయిన రోజు, తాళం తప్పిన రోజు, ఏడుపొచ్చి తల వంచుకున్న రోజు, అన్నీ నాకు వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన సందేహం ఆలస్యంగా రాలేదు.

"మీకంతా తెలిసే అడిగేవారా?" అన్నాను.

ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. "దారి తప్పినప్పుడు నీ ఎడమ భుజం చెవిదాకా లేస్తుందమ్మా. కుర్చీలో కూర్చున్న నా రోగులకీ అంతే. భయపడ్డ మనిషిని అందరూ గుడ్లప్పగించి చూస్తే భయం ఇంకా పెరుగుతుంది. అందుకే కాసేపు నన్ను చూడమంటాను. నన్ను తిట్టుకుంటే పోయేదేముంది?"

నేను ఒంగి దణ్ణం పెట్టబోతే, "బిస్కట్లు అయిపోతున్నాయి, ముందు తీసుకో" అని డబ్బా చేతికిచ్చారు.

ఆ సాయంత్రం శ్వే అక్క తైపే ఆయన్ని మర్యాదగా రైలెక్కించి వచ్చింది. "చాలా గొప్పాయనే. కానీ ఆయనకి మనతో ఏం పని?" అంది నాతో. "కచేరీ నువ్వే చెయ్యాలి."

మరుసటి శనివారం, కచేరీకి వాయించే సంగీతంలో రెండో భాగం మధ్యలో నాకు మళ్లీ చోటు తప్పింది. ఆపాను. భుజం లేచే ఉంటుంది.

"చిన్న టీచర్, ఒక సందేహం!" లేచి నిలబడింది శ్వే అక్క. "వయొలిన్ విల్లు... కుడిచేత్తోనేగా పట్టుకోవాలి?"

హాలు నోరెళ్లబెట్టింది. ఆ వెంటనే ఫ్లూటు అమ్మాయి చెయ్యెత్తింది. "ఇందులో ఊదే వైపు ఏదండీ?" డ్రమ్ముల దగ్గర్నుంచి ఒక గొంతు, "నాకు ఇవాళ పని ఉందా లేదా?"

"అందరూ అడిగేస్తే ఇక నేనేం అడగను!" అని డబుల్ బాస్ లబోదిబోమంది.

నవ్వీ నవ్వీ నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజం ఎప్పుడు దిగిందో తెలియదు. పుస్తకం వైపు చూస్తే, ఎక్కడ ఉన్నామో స్పష్టంగా కనిపించింది.

"ఇక చాలు!" అన్నాను. ఆ వేదిక మీద నా గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదలు. "నాకు తెలుసు. పుస్తకంలో జి అని గుర్తున్న చోటి నుంచి. వయొలిన్లు ఇంకా మెల్లగా. డ్రమ్ములు, నా చెయ్యి చూడండి. డబుల్ బాస్, మీరు నడిపించండి, మేమంతా మీ వెనకే వస్తాం."

కాళ్లతో నేల తట్టి అందరూ సరే అన్నారు. చెయ్యి లేపాను. ఆ రోజు ఆ భాగాన్ని చివరిదాకా, ఎక్కడా ఆగకుండా వాయించాం. డిసెంబరులో ఊరంతా వచ్చి చప్పట్లు కొట్టిన మాట నిజమే. కానీ నాకు కచేరీ అంటే ఇప్పటికీ ఆ శనివారమే.

ఆఖరి స్వరం ఆగింది. డబుల్ బాస్ వెనక నుంచి డాక్టరు గారు మెల్లగా ఇవతలికి వచ్చి, రెండు చేతులూ దులుపుకున్నారు.

"అమ్మాయ్, ఇలా ఏకబిగిన వాయించేస్తే ఈ వయసులో నా చేతులు పడిపోతాయి. మధ్యమధ్యలో కాస్త తప్పిపోతూ ఉండమ్మా!"